పసుపు పట్టీ

స్వాన్సీలో నవంబరు. పొద్దున ఎనిమిదికే వాన.
వాన్ తలుపు తీస్తే ఎర్ర సిలిండర్లు పదహారు
పెళ్ళివారి బస్సులో ఇరుక్కున్న చుట్టాల్లా
ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి.
అన్నిటికీ ఒకే ఎరుపు.
ఏది ఎవరో తెలియాలంటే
ఒంటి మీది పట్టీ చూడాలి.

మొదట లాయరు ఆఫీసు.
నల్లపట్టీది తలుపుకి అడ్డంగా పెట్టారు,
గాలికి కొట్టుకోకుండా.
రెండేళ్ళుగా అదే ఉద్యోగం దానికి పాపం.
ఎత్తి, తుడిచి, కంప్యూటర్ల గది గోడకి తగిలించాను.
కరెంటు మంట మీద నీళ్ళు పోస్తే
మంటకంటే ముందు నువ్వు పోతావు, అన్నాను గుమస్తాతో.
దీంట్లోది గాలే, కానీ కొమ్ము పట్టుకోకు,
మంచు కక్కుతుంది, వేళ్ళు అంటుకుపోతాయి.
అతను నా బ్యాడ్జి చదవబోయి ఆగిపోయాడు.
హైమవతి.
మంచుకొండ కూతురని పేరు,
తిండి మాత్రం నిప్పు పెడుతోంది.

లైబ్రరీలో ఎవరో నీలంపట్టీ పెట్టి పోయారు.
అందులో పొడి. మంట ఆరుతుంది, నిజమే,
ఆ తర్వాత గదిలో ఊపిరాడదు, కళ్ళు కనపడవు,
ఏ పుస్తకం తెరిచినా పిండిమర.
తీసేసి నీళ్ళది పెట్టాను.
"పుస్తకాలకి నీళ్ళా?" అంది లైబ్రేరియన్.
తడిస్తే ఆరేసుకోవచ్చు కదమ్మా, అన్నాను.

మధ్యాహ్నం ఎమ్లిన్ చేపల కొట్టు.
నాలుగు మూకుళ్ళలో నూనె కుతకుతమంటోంది.
అతని ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా
ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంటుంది, ఒక్క వెంట్రుక లేదు.
పోయినేడు అడగలేదు. ఈసారి తనే చెప్పాడు:
పంతొమ్మిదేళ్ళప్పుడు, నాన్న కొట్లో,
నూనె అంటుకుంది. పక్కనే బకెట్టు.
"నిప్పుకి నీళ్ళేగా, అనుకున్నాను."

నేనూ అంతే అనుకున్నదాన్ని.
అగ్గి, సెగ, చిచ్చు, మంట, జ్వాల,
ఆకలికి ఒక అగ్ని, సముద్రం అడుగున ఒక అగ్ని,
ఇన్ని పేర్లు పెట్టిన మా భాష
ఆర్పడానికి మాత్రం ఒక్క నీళ్ళే నేర్పింది నాకు.
కార్డిఫ్‌లో శిక్షణ రోజున
పొడుగాటి కర్ర చివర కట్టిన గ్లాసుతో
కాగిన నూనెలో నీళ్ళు వంపించారు.
గ్లాసుడు నీళ్ళు. రెండంతస్తుల మంట.
అగ్నికి ఆజ్యం పొయ్యక్కర్లేదు,
నీళ్ళు పోసినా చాలని
ఆ రోజు కనుబొమలు చురుక్కుమంటే తెలిసింది.

అందుకే ఎమ్లిన్ గోడకి పసుపుపట్టీది.
సన్నటి తుంపరగా పడి
నూనెని పైపైన సబ్బు చేసేస్తుంది.
"సబ్బా?" అని నవ్వాడు.
సబ్బే. ముందు గ్యాసు కట్టు,
తలుపు నీ వీపు వెనక ఉండేట్టు నిలబడు,
మూకుడు దాటని మంటైతేనే చెయ్యి వెయ్యి.
"దాటితే?"
పరిగెత్తు.
"దానికి ఏ రంగు పట్టీ?"
దానికి పట్టీ లేదు ఎమ్లిన్. కాళ్ళే.

కాటా మీద పెట్టాను.
పోయినేటి బరువే, గ్రాము తగ్గలేదు.
ముల్లు పచ్చలో ఉంది, పిన్ను కదల్లేదు.
చీటీ మీద తేదీ వేసి సంతకం చేస్తుంటే
వేడి వేడి బంగాళాదుంపల పొట్లం చేతిలో పెట్టాడు,
వెనిగర్ ఎక్కువేశాడు ఎప్పట్లాగే.
వాన్‌లో కూర్చుని తిన్నాను.
అద్దాలన్నీ ఆవిరి పట్టాయి.
ఇంకా బడి ఒకటి, గ్యారేజీ ఒకటి,
నాలుగున్నరకే చీకటి పడుతుంది.